పగకూ పగ్గానికీ ఒక లెక్క

డిసెంబరు 26 వచ్చిందంటే మా కృష్ణా డెల్టాలో చాలా ఊళ్ల సెంటర్లలో ఒకే మనిషి విగ్రహానికి కొత్త పూలదండలు పడతాయి. ఫ్లెక్సీలు కడతారు, మైకు పెడతారు, అన్నదానం చేస్తారు. 1988లో ఆ రోజు తెల్లవారుజామున, బెజవాడలో నిరాహార దీక్ష శిబిరంలో ఉండగా, ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగాను హత్య చేశారు. ఆ పూట మొదలైన విధ్వంసం బెజవాడతో ఆగలేదు, కోస్తా జిల్లాలకు పాకింది. కొట్లు, ఇళ్లు, వాహనాలు కాలిపోయాయి. ఏ పార్టీతోనూ సంబంధం లేనివాళ్ల ప్రాణాలు కూడా పోయాయి. కర్ఫ్యూ పెట్టారు. యాభై దాటిన వాళ్లెవరిని అడిగినా ఆ వారం తామెక్కడున్నారో ఇప్పటికీ చెప్తారు.

ఎవరు చంపారు, ఎవరు చంపించారు అన్న వాదన జోలికి ఇవాళ పోవద్దండి. ముప్పయ్యేళ్లకు పైగా ఆ వాదనలోనే ఉన్నాం. నేను మీతో పంచుకోవాలనుకున్నది ఇంకో సంగతి. పదిమంది మధ్య మొదలైన తగవు రెండు గుంపులకు, ఆ గుంపుల నుంచి లక్షలాది జనానికి ఎలా ఎక్కుతుంది? ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ ఆగదు? దీన్ని కాగితం మీద లెక్క వేసి చూపించిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆ లెక్క చేసి చూసుకున్నాక, మన ఊరి చరిత్రలో మనం అసలు పట్టించుకోని భాగం ఒకటి ఉందని నాకు గట్టిగా అనిపించింది. అది పగ గురించి కాదు. పగ్గం గురించి.

ఆయన పేరు లూయీ ఫ్రై రిచర్డ్‌సన్. 1881లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో పుట్టాడు. క్వేకర్ కుటుంబం, అంటే ఆయుధం పట్టడమే తప్పని నమ్మే క్రైస్తవులు. వృత్తికి వాతావరణ శాస్త్రజ్ఞుడు. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే అది మచిలీపట్నం వైపు వస్తుందా ఒడిశా వైపు పోతుందా అని ఇవాళ ఫోన్లో చూసుకుంటున్నాం కదా, ఆ పద్ధతికి పునాది ఆయన 1922లో అచ్చేసిన పుస్తకంలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకి పట్టనన్నాడు. అలాగని ఇంట్లోనూ కూర్చోలేదు, ఫ్రాన్సు వెళ్లి అంబులెన్సు నడిపాడు. గాయపడ్డవాళ్లను మోస్తూనే, ఖాళీ దొరికినప్పుడల్లా వాతావరణం లెక్కలు చేసుకునేవాడు. ఆ రాతప్రతి యుద్ధం గందరగోళంలో పోయి, కొన్ని నెలల తర్వాత బెల్జియంలో బొగ్గుల కుప్ప కింద దొరికింది.

యుద్ధం అయిపోయాక 1919లో సొంత డబ్బుతో ఒక చిన్న పుస్తకం వేయించి, తనతో అంబులెన్సులు నడిపిన వాళ్లకు అంకితమిచ్చాడు. యుద్ధం వెనకున్న మనస్తత్వాన్ని గణితంలో రాయొచ్చన్నది ఆ పుస్తకం చెప్పిన మాట. మరుసటి ఏడు వాతావరణ శాఖను వైమానిక మంత్రిత్వశాఖ కిందికి తెస్తే, సైన్యానికి పనిచేయనని ఉద్యోగం మానేశాడు. తర్వాత పాఠాలు చెప్పుకుంటూ, కాలేజీ నడుపుకుంటూ బతికాడు, చివరి ఏళ్లలో ఎక్కువ సమయం తగవుల లెక్కకే పెట్టాడు. 1953లో కన్నుమూశాడు. ఆ లెక్కలు 1960లో రెండు పెద్ద పుస్తకాలుగా వచ్చాయి. ఆయన బతికుండగా వాటిని పట్టించుకున్నవాళ్లు చాలా కొద్దిమంది.

ఇంతకీ ఏమిటా లెక్క? ఒక పెన్సిలు తీసుకోండి, కూడికలూ తీసివేతలూ వస్తే చాలు.

రెండు పక్షాలు ఉన్నాయనుకుందాం. చెరొక పదిమంది మనుషుల్ని వెంట తిప్పుకుంటున్నారు. ఏడాది తిరిగేసరికి ఒక పక్షం బలం ఎంతవుతుందన్నది మూడింటి మీద ఆధారపడి ఉంటుందంటాడు రిచర్డ్‌సన్. మొదటిది భయం: అవతలివాళ్ల దగ్గర ఎంతమంది ఉన్నారో చూసి ఇవతలివాళ్లు పెంచుకునేది. రెండోది పగ్గం: తిండి ఖర్చు, కేసుల ఖర్చు, ఇంట్లోవాళ్ల ఏడుపు, పెద్దల మందలింపు, అలసట. ఇవన్నీ కలిసి ఉన్న బలాన్నే కొంత తగ్గిస్తాయి. మూడోది పాత కక్ష: అవతల ఎవరూ లేకపోయినా మనసులో రగులుతూ ఉండేది.

భయానికి 0.5 వేద్దాం, అంటే అవతల ఇద్దరుంటే ఇవతల ఒకడిని చేర్చుకుంటారు. పగ్గానికి 0.6 వేద్దాం, అంటే ఉన్న పదిమందిలో ఆరుగురు జారిపోతారు. పాత కక్ష ఏడాదికి ఇద్దరిని తెస్తుంది. పదికి ఐదు కలిపి, ఆరు తీసి, రెండు కలపండి. పదకొండు. మరుసటి ఏడు 11.9. ఇలా మెల్లగా పెరుగుతూ పోయి ఇరవై దగ్గర ఆగుతుంది. ఊళ్లో రెండు గుంపులుంటాయి, ఒకరినొకరు గుర్రుగా చూసుకుంటారు, కానీ ఊరు నడుస్తుంది.

ఇప్పుడు భయం ఒక్కటే 0.7 చేయండి, మిగతావి కదపొద్దు. పది కాస్తా పదమూడు, ఆ తర్వాత పదహారు, ఆ తర్వాత దాదాపు ఇరవై. పదేళ్లకు చెరో యాభై ఎనిమిది మంది. ఇరవయ్యేళ్లకు నూట ఎనభై పైన. ఇది ఎక్కడా ఆగదు. మొదటి లెక్కకీ దీనికీ తేడా 0.2 మాత్రమే. మనుషులు అవే మనుషులు, కక్ష అదే కక్ష.

నన్ను ఎక్కువసేపు ఆలోచనలో పెట్టింది ఈ తర్వాతి మెట్టు. భయం 0.7 దగ్గరే ఉంచి, పాత కక్షను పూర్తిగా సున్నా చేసేయండి. పెద్దమనుషులు కూర్చోబెట్టి రాజీ చేశారు, చేతులు కలిపించారు, పాత లెక్క చెల్లు అన్నారు అనుకోండి. అప్పుడైనా ఆగుతుందా? ఆగదు. పదేళ్లకు ఇరవై ఆరు, ఇరవయ్యేళ్లకు అరవై ఏడు. నడక నెమ్మదించింది కానీ దారి మారలేదు. అదే కక్షను యథాతథంగా ఉంచి పగ్గాన్ని 0.6 నుంచి 0.8కి పెంచి చూడండి, మళ్లీ ఇరవై దగ్గర ఆగిపోతుంది. అసలు కారణం ఏమిటో కనుక్కుని దాన్ని తీసేస్తే తగవు తీరిపోతుందని మనం అనుకుంటాం. ఈ లెక్క ఒప్పుకోదు. కారణం తీరకపోయినా ఆగొచ్చు, కారణం తీరిపోయినా ఆగకపోవచ్చు. భయమూ పగ్గమూ తూకం వేస్తే ఏది బరువు అన్నదే తేల్చేది.

ఇందులోనే ఇంకో మంచి కబురు ఉంది. రెండు పక్షాల భయాలూ కూడి చూడక్కర్లేదు, గుణించి చూడాలి. ఒక పక్షం భయం 0.7 దగ్గరే ఉండిపోయి, రెండో పక్షం 0.4కి దిగితే, రెండూ గుణిస్తే 0.28. పగ్గాలు గుణిస్తే 0.36. పగ్గానిదే పైచేయి. ఒకరు ముప్పై రెండు దగ్గర, ఒకరు ఇరవై ఐదు దగ్గర ఆగిపోతారు. వాళ్లు తగ్గితే మేమూ తగ్గుతాం అని ఇద్దరూ భీష్మించుకు కూర్చున్నప్పుడు, ఒక్కరు తగ్గినా చాలునని గణితం చెప్తోంది.

ఇక బెజవాడకు వద్దాం. 1970ల నాటి ఊరంటే లారీలు, ఆటోనగర్ షెడ్లు, కార్మిక సంఘాలు, గాంధీనగర్ సినిమా పంపిణీ ఆఫీసులు, కాలేజీ యూనియన్లు. కమ్యూనిస్టుల పట్టు బలంగా ఉన్న ఊరు. కాలేజీల్లో యునైటెడ్ ఇండిపెండెంట్స్ అని వంగవీటివాళ్ల జట్టు, యునైటెడ్ స్టూడెంట్స్ ఆర్గనైజేషన్ అని దేవినేనివాళ్ల జట్టు. 1974లో రంగా అన్న వంగవీటి రాధాకృష్ణ హత్య. 1979లో దేవినేని గాంధీ హత్య. 1988లో దేవినేని మురళి హత్య, అదే ఏడాది చివర్లో రంగా హత్య. ఒక్కొక్క పేరు వెనకా ఒక ఇల్లుంది, ఆ ఇంట్లో తల్లులూ భార్యలూ పిల్లలూ ఉన్నారు. పేర్లు వరసగా చెప్పుకుపోవడం నాకు కష్టంగానే ఉంది.

ఈ నాలుగు తేదీలు పట్టుకుని మోడల్ కట్టేసి ఇదిగో రుజువు అనేవాళ్లు దొరికితే నమ్మకండి. నాలుగు చుక్కల గుండా ఏ గీతనైనా లాగొచ్చు. కానీ ఆ తేదీల మధ్య ఎడాన్ని ఒక్కసారి చూడండి. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరంలో హాలెన్‌బెక్ అనే పోలీసు డివిజను ఉంది, చిన్న ప్రాంతంలో బోలెడు ముఠాలు. అక్కడి గణితజ్ఞులు భూకంపం తర్వాత వచ్చే చిన్న ప్రకంపనల లెక్కను తెచ్చి ముఠా దాడులకు వాడారు. ఒక దాడి జరిగితే బదులు దాడికి అవకాశం పెరుగుతుంది, రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. అక్కడ ఆ వేడి రోజుల్లో, వారాల్లో చల్లారుతుంది. మన దగ్గర ఐదేళ్లు, తొమ్మిదేళ్లు గడిచినా చల్లారలేదు. మన దగ్గర జ్ఞాపకం ఆరిపోయే వేగం చాలా తక్కువ. వర్ధంతులు, విగ్రహాలు, రంగాగారి కాలం అనీ దేవినేని నెహ్రూగారి కాలం అనీ అరుగుల మీద చెప్పుకునే కథలు, ఇవన్నీ దాన్ని ఆరనివ్వవు. పోయినవాళ్లను తలుచుకోవద్దని ఎవరంటారు? నేనూ అనను. కానీ తలుచుకోవడం ఒక అంకెను పెంచుతోందని తెలిసి తలుచుకోవాలి.

రెండో సంగతి డబ్బు. రిచర్డ్‌సన్ పగ్గంలో పెద్ద భాగం ఖర్చు. మనుషుల్ని పోషించలేక పక్షాలు చిక్కిపోవాలి. డెల్టా పంటల మిగులు, రవాణా డబ్బు, సినిమా డబ్బు తిరిగే ఊళ్లో ఆ బాధ లేదు. పగను పదేళ్లు మేపగల స్తోమత ఉన్న ఊరు మనది. మా నేల సారమే మా పగ్గాన్ని సడలించిందని చెప్పుకోవాల్సి రావడం బాధగా ఉంటుంది, కానీ అదే నిజమని నా నమ్మకం.

మరి పక్షాల మధ్య ఉన్నది జనంలోకి ఎలా దూకింది? దీనికి రిచర్డ్‌సన్ చాలడు. 1978లో మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సమాజ శాస్త్రవేత్త ఒక చిన్న లెక్క చెప్పాడు. దాన్ని బెంజి సర్కిల్లో పెట్టి చూద్దాం. అక్కడ వందమంది నిలబడ్డారు. ప్రతి మనిషికీ ఒక హద్దు ఉంటుంది: ఎంతమంది రాయి వేస్తే తనూ వేస్తాడో ఆ సంఖ్య. ఒకడి హద్దు సున్నా, ఎవరూ వేయకపోయినా వేస్తాడు. ఇంకొకడిది ఒకటి, మరొకడిది రెండు, ఇలా తొంభై తొమ్మిది దాకా. సున్నా హద్దువాడు రాయి వేశాడు. అది చూసి ఒకటి హద్దువాడు, వాళ్లిద్దరినీ చూసి రెండు హద్దువాడు. చూస్తుండగానే వందమందీ దిగారు, సర్కిల్ తగలబడింది.

ఇప్పుడు ఆ వందలో ఒక్క మనిషిని మార్చండి. ఒకటి హద్దువాడు ఆ రోజు చెల్లెలి పెళ్లి పని మీద గుడివాడ వెళ్లాడు, అతని చోట రెండు హద్దువాడు ఇంకొకడు వచ్చాడు. సున్నా హద్దువాడు రాయి వేశాడు. తర్వాత? రెండో రాయి పడదు. ఒక అద్దం పగిలింది, పోలీసులు ఒకడిని పట్టుకెళ్లారు, కథ అక్కడితో సరి. మరుసటి రోజు పేపర్లో మొదటి సర్కిల్ గురించి జనం రెచ్చిపోయారని రాస్తారు, రెండో సర్కిల్ గురించి ఒక ఆకతాయి చేష్ట అని రాస్తారు. ఆ రెండు చోట్లా తొంభై తొమ్మిది మంది మనుషులు అచ్చంగా ఒక్కటే.

ఆ డిసెంబరు గురించి ఎవరైనా మాట్లాడేటప్పుడు, ఆ కులం వాళ్లంతే, ఈ కులం వాళ్లంతే అని తేల్చేయడం విన్నప్పుడల్లా నాకు ఈ లెక్క గుర్తొచ్చి కడుపు రగులుతుంది. జరిగినదాన్ని బట్టి జనం స్వభావం చెప్పలేమండీ. ఒక్క మనిషి ఉన్నాడా లేడా అన్నదాని మీద ఊరు కాలడమో నిలవడమో ఉంటే, ఊరంతటి మీదా ముద్ర వేయడం ఏ న్యాయం? ఇందులోనే ఇంకో సంగతీ ఉంది. అడ్డంపడి ఆపే మనిషి వందమందినీ ఆపక్కర్లేదు. వరసలో మొదట్లో ఉన్న ఒకడి చెయ్యి పట్టుకుంటే చాలు.

అయితే ఈ లెక్కలన్నిటిలో ఒక లోపం ఉంది, అది చెప్పకుండా దాటేస్తే తప్పవుతుంది. రెండు పక్షాలు అనగానే మనం తెలియకుండానే ఇద్దరినీ సమానం చేసేస్తాం. తెనాలి పక్కన చుండూరు ఉంది. అదీ కృష్ణా డెల్టాయే. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. అంతకు కొన్ని వారాల ముందు సినిమాహాల్లో కాలు తగిలిందన్న గొడవ, దాని మీద సాంఘిక బహిష్కారం. చుండూరులో దళితులు చదువుకున్నారు, రైల్వే ఉద్యోగాలకు వెళ్లారు. అంటే అవతల పెరిగింది ఆయుధం కాదు, చదువూ తలెత్తి నడవడమూ. ఆయుధాల లెక్కలో వాళ్లు సున్నా. అయినా ఇవతల కత్తులు లేచాయి. రిచర్డ్‌సన్ సమీకరణంలో భయం అన్నచోట ఇక్కడ వేయాల్సింది ఆధిపత్యం పోతోందన్న అక్కసు. దాన్ని రెండు వర్గాల ఘర్షణ అని రాసినవాళ్లు లెక్క మొదటి వరసలోనే తప్పు చేశారు. 2007లో చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులన్నది. ఈ లెక్కలో పగ్గం విలువ ఎంత వేయాలో మీరే చెప్పండి.

రిచర్డ్‌సన్ ప్రాణాంతకమైన తగవులన్నిటినీ ఒకే కొలత మీద పెట్టాడు. ఒకరు చనిపోతే సున్నా, పదిమంది అయితే ఒకటి, వందమంది అయితే రెండు, వెయ్యి అయితే మూడు. రెండో ప్రపంచ యుద్ధం ఏడు దాటింది. ఈ కొలతలో 1988 బెజవాడ ఒకటి దాటుతుంది. చుండూరు ఒకటికి కాస్త తక్కువ. 1968లో కంచికచర్లలో దొంగతనం మోపి సజీవంగా తగలబెట్టిన కోటేశు సున్నా. నేను ఈ కొలతను గౌరవిస్తాను, ఎందుకంటే వీధి హత్యనూ ప్రపంచ యుద్ధాన్నీ ఒకే వరసలో నిలబెట్టే ధైర్యం అంతకుముందు ఎవరికీ లేదు. కానీ కంచికచర్లకు సున్నా అని రాయడానికి నాకు చెయ్యి రాదు.

అంకెల మాట వచ్చింది కాబట్టి మనవాడు ఒకాయన్ని తలుచుకోవాలి. కల్యంపూడి రాధాకృష్ణారావు, ప్రపంచానికి సి.ఆర్. రావు. చిన్నప్పుడు నూజివీడులో, నందిగామలో చదువుకున్నారు, ఆంధ్రా యూనివర్సిటీ నుంచి కలకత్తా వెళ్లి గణాంక శాస్త్రంలో మహామహులయ్యారు. 2023లో, నూట రెండేళ్ల వయసులో పోయారు. ఆయన తన పుస్తకంలో ఒక సంగతి రాశారు. 1947లో ఢిల్లీలో మత కల్లోలాలు జరిగినప్పుడు ప్రాణభయంతో జనం ఎర్రకోటలో తలదాచుకున్నారు. లోపల ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు. వాళ్లకు తిండి పెట్టే కాంట్రాక్టర్ల బిల్లులు మాత్రం పెరిగిపోతున్నాయి. గణాంకవేత్తల్ని పిలిచారు. వాళ్లు బియ్యం బిల్లు, పప్పు బిల్లు, ఉప్పు బిల్లు తీసుకుని, ఒక్కో మనిషి రోజుకు ఎంత తింటాడో దానితో భాగించారు. మూడు లెక్కలూ ఒకే జనసంఖ్య చూపించాలి. చూపించలేదు. బియ్యం లెక్కలో జనం చాలా ఎక్కువ, ఉప్పు లెక్కలో తక్కువ. ఉప్పు చవక, దాన్ని పెంచి రాస్తే కాంట్రాక్టరుకు మిగిలేదేమీ లేదు. అందుకని ఉప్పు చెప్పిన లెక్కే నిజమని పట్టుకున్నారు.

కల్లోలం జరిగిన చోట ప్రతి అంకె వెనకా ఎవరో ఒకరి అవసరం ఉంటుంది. నష్టం చెప్పేవాళ్లు పెంచుతారు, ప్రభుత్వం తగ్గిస్తుంది. అబద్ధమాడి లాభం లేని అంకెను వెతుక్కోవాలి. బెజవాడ విషయంలో నేనైతే ఆర్టీసీ డిపోల రిజిస్టర్లు అడుగుతాను. ఏ రూటులో ఏ రోజు ఎన్ని ట్రిప్పులు రద్దయ్యాయో, ఏ రోజు మళ్లీ బస్సు కదిలిందో. దాన్ని పెంచి రాసినా తగ్గించి రాసినా ఎవరికీ ఒరిగేది లేదు. మంట ఏ ఊరికి ఎన్ని రోజుల్లో పాకిందో, ఏ ఊళ్లో ముందు చల్లారిందో అందులో కనపడుతుంది. ఆ ముందు చల్లారిన ఊళ్లే నాకు కావాలి. అక్కడ ఎవరున్నారు? ఏం చేశారు?

ఎందుకంటే చివరికి చల్లారింది కదా. 1989లో రంగా భార్య రత్నకుమారి ఎమ్మెల్యే అయింది. 2004 ఎన్నికల్లో విజయవాడ తూర్పు నుంచి రంగా కొడుకు రాధాకృష్ణ, కంకిపాడు నుంచి గాంధీ, మురళిల సోదరుడు దేవినేని నెహ్రూ, ఇద్దరూ కాంగ్రెస్ గుర్తు మీదే గెలిచి ఒకే అసెంబ్లీలో ఒకే పార్టీలో కూర్చున్నారు. పాత కక్ష సున్నా అయిందని నేను అనుకోను. సున్నా కాకుండానే ఆగింది. మన పెన్సిలు లెక్క చెప్పింది కూడా ఇదే.

మనుషుల పక్షాలకే కాదు, రాష్ట్రాలకూ ఇదే లెక్క. 2023 నవంబరు 29 అర్ధరాత్రి, తెల్లవారితే తెలంగాణలో పోలింగ్ అనగా, ఆంధ్రా పోలీసులు నాగార్జునసాగర్ డ్యామ్ మీదికి వెళ్లి 26 గేట్లలో 13 గేట్ల వరకు తమ ఆధీనంలోకి తీసుకున్నారు. కుడి కాలువకు నీళ్లు వదిలారు. అటు తెలంగాణ పోలీసులు, ఇటు ఆంధ్రా పోలీసులు, మధ్యలో ముళ్లకంచె. రెండు వైపులా తెలుగువాళ్లే. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా నీళ్లలో ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీలను 2015లో తాత్కాలికంగా ఆంధ్రాకు 512, తెలంగాణకు 299గా పంచుకున్నారు, ఆ తాత్కాలికం నలుగుతూనే ఉంది. ఆ రోజు తగవు రెండు మూడు రోజుల్లోనే సద్దుమణిగింది. కేంద్ర హోంశాఖ కలగజేసుకుని, నవంబరు 28 నాటి పరిస్థితికి వెళ్లమంది, డ్యామ్ కాపలాను సీఆర్‌పీఎఫ్‌కు అప్పగించారు. రిచర్డ్‌సన్ రెండు పక్షాల సమీకరణంలో మూడో చేయికి చోటు లేదు. సాగర్ దగ్గర ఆ మూడో చేయి ఉంది. 1988 బెజవాడలో, మాకు ఏ పక్షంతోనూ సంబంధం లేదు అనగలిగే చేయి జనానికి కనపడలేదు.

సాగర్‌ తగవులో ఇంకో పాఠం ఉంది. ప్రకాశం బ్యారేజీ కింద 13 లక్షల ఎకరాల డెల్టా రైతు పైనున్న సాగర్ నుంచి నీళ్లు వదులుతారా లేదా అని బెంగపెట్టుకుని కూర్చునేవాడు. 2015లో పట్టిసీమ పంపులు పెట్టి గోదావరి నీళ్లను బ్యారేజీకి తెచ్చాక ఆ బెంగ చాలా తగ్గింది. కక్ష పోలేదు, భయం తగ్గింది. దాని వెంటే ఇంకో పేచీ కూడా వచ్చింది. గోదావరి నీళ్లు ఇటు మళ్లితే ఆ మేరకు పైన కృష్ణలో మాకు 45 టీఎంసీల వాటా రావాలని తెలంగాణ అడుగుతోంది. ఇవతలి భయాన్ని తగ్గించిన పని అవతలి కక్షను పెంచకుండా ఉండాలంటే, కాంక్రీటు పోసే రోజునే అవతలివాళ్లతో కూర్చుని మాట్లాడాలి.

ఇంత పెద్ద తగవులు వదిలేసి మన పొలం గట్టు మీదికి రండి. జులైలో, ఆగస్టులో నాట్ల వేళ. ఎగువ ఊళ్లవాళ్లు ముందు నాట్లు వేసుకుంటారు. బంటుమిల్లి, కృత్తివెన్ను, దివిసీమ వైపు శివారు భూములకు నీళ్లు అందవు. శివారు రైతు రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని కాలువ వెంట పైకి నడుస్తాడు, ఎగువన ఎవరో తూము తలుపు ఎత్తి ఉంచారేమోనని. ఎగువ రైతుకు ఇంకో భయం, వీళ్లొచ్చి దించేస్తారేమోనని తనూ కాపలా పడుకుంటాడు. రెండు ఊళ్లు, రెండు టార్చిలైట్లు, చేతికర్రలు. రిచర్డ్‌సన్ మూడు అంకెలూ ఆ గట్టు మీదే ఉన్నాయి. ఆ రాత్రి అక్కడ గొడవ కాకుండా చూసేది వంతుల పద్ధతి, ఆ వంతును అమలు చేసే లస్కరు. ఈ మూడు రోజులు నీవి, ఆ మూడు రోజులు వాళ్లవి అని రెండు ఊళ్లవాళ్లకూ ఒకే మాట చెప్పగలిగిన మనిషి. జీతం తక్కువ, పరిధి పెద్దది, పోస్టులు ఖాళీ అయితే మళ్లీ నింపరన్నది రైతుల ఫిర్యాదు.

రిచర్డ్‌సన్ ఏళ్ల తరబడి కూర్చుని చావు దాకా వెళ్లిన తగవులన్నీ రాశాడు. చావు దాకా వెళ్లకుండా ఆగినవి ఆయన పుస్తకంలో లేవు, మన పోలీస్ స్టేషన్లలోనూ లేవు, ఎఫ్ఐఆర్ కాని తగవుకు నంబరుండదు. పగ్గం విలువ తెలియాలంటే అవే కావాలి. మీ ఊరి కాలువ మీద లస్కరు ఎవరో మీకు తెలుసా? తెలిస్తే వచ్చే సార్వా నాట్లు అయ్యాక ఆయన దగ్గర కూర్చుని, ఎన్ని రాత్రులు ఎవరెవరు తూము దగ్గరికి వచ్చారో, వాళ్లకు ఏం చెప్పి పంపాడో అడిగి తేదీలతో సహా ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. నాలుగైదు ఊళ్లవి చేరితే చాలు, మనం పెన్సిలుతో వేసుకున్న 0.6 కొట్టేసి అక్కడ నిజం అంకె వేసుకోవచ్చు.